ఎండకు కొదవలేని పెరట్లో పాపీలు: శంకర్‌పల్లి దారిలో ఒక తోట కథ

హైదరాబాద్‌కు పడమట, శంకర్‌పల్లి వెళ్ళే దారిలో ఒక ఇల్లు. ఇంటికి దక్షిణాన 40 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఖాళీ జాగా. చెట్టు నీడ లేదు, పక్క మేడ నీడా లేదు. పొద్దున పడిన ఎండ సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. పచ్చిక వేయిస్తే వేసవిలో మాడిపోయింది. గులాబీలు పెడితే నల్లరేగడి వానాకాలంలో నీరు పట్టి, వేసవిలో నెర్రెలు విచ్చి సగం మొక్కల్ని మింగేసింది. ఇంటివాళ్ళిద్దరూ రిటైరైనవాళ్ళు. కూతురు కాలిఫోర్నియాలో ఉంటుంది. ఒక వసంతంలో అక్కడికి వెళ్ళినప్పుడు లాంకాస్టర్ దగ్గర యాంటెలోప్ వ్యాలీలో గుట్టలన్నీ పాపీల (గసగసాల మొక్క కుటుంబపు పూలు) నారింజ రంగుతో నిండిపోవడం చూసి వచ్చారు. తోటలు వేయించడం నా పని. ఈ పని ఒప్పుకోవడానికి వెళ్ళిన రోజు మేడమ్ నన్ను అడిగింది ఒక్కటే: "మన దగ్గర అంతకన్నా ఎండ ఎక్కువే కదండీ, ఇక్కడెందుకు రావు?"

వస్తాయి. కానీ ఎండ ఎక్కువున్నందువల్ల కాదు.

పాపీ విత్తనం ప్యాకెట్ మీద "పూర్తి ఎండ" అని ఉంటుంది. అది చలిదేశాల వాళ్ళ కోసం రాసిన మాట. వాళ్ళకు కరువు ఎండకే. దక్కన్‌లో కరువు చల్లని రాత్రికి. యాంటెలోప్ వ్యాలీ మొహావే ఎడారి అంచున, ఎత్తైన మైదానం. అక్కడ వాన పడేది చలికాలంలోనే. ఆ తడికి విత్తనం మొలిచి, గడ్డకట్టే రాత్రుల్లో వేరు దింపుకుని, మార్చి, ఏప్రిల్ నెలల్లో పూసి, వేసవి ముదిరే లోపు గింజ రాల్చి తన పని ముగించుకుంటుంది. మనకు వాన జూన్ నుంచి. అప్పుడు నేల వెచ్చగా ఉంటుంది, గాలిలో తేమ ఎక్కువ. పాపీకి ఆ రెండూ పడవు. వాన వెనక్కి తగ్గాక, రాత్రులు చల్లబడుతున్నప్పుడు విత్తి, మార్చి ఎండ ముదిరేలోపు పూయించుకోవాలి. హైదరాబాద్‌లో రాత్రి ఉష్ణోగ్రత అక్టోబరులో 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. డిసెంబరు, జనవరుల్లో 13 నుంచి 15కు దిగుతుంది. ఊరి బయట ఇంకో రెండు మూడు డిగ్రీలు తక్కువే. మార్చిలో పగలు 35 దాటడం మామూలు. షర్లీ పాపీకి (అడవి పాపీ నుంచి ఏరి తీసిన తోట రకం) విత్తిన దగ్గర్నుంచి పూత దాకా రెండున్నర, మూడు నెలలు కావాలి. వెనక నుంచి లెక్క వేసుకుంటే విత్తే అదను అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు మూడో వారం వరకు. అంతే. ఢిల్లీ, చండీగఢ్ పార్కుల్లో పాపీ నడుము ఎత్తున పెరగడానికి, మన దగ్గర మోకాలు దాటి కొంచెం పైకి రాగానే మొగ్గ తొడగడానికి తేడా కూడా ఇక్కడే ఉంది. వాళ్ళ చలి పొడుగు, మన చలి పొట్టి.

ఏ పాపీ వేయాలి, ఏది వేయకూడదు

కూతురు మూడు విత్తనాల ప్యాకెట్లు పంపింది. ఒకటి కాలిఫోర్నియా పాపీ, ఒకటి షర్లీ మిశ్రమం, మూడోది ముద్దబంతిలా రేకులు కిక్కిరిసిన పియోనీ పాపీ. మూడోది చూడగానే బల్ల మీద నుంచి తీయించాను. పేరు ఎంత ముద్దుగా ఉన్నా దాని జాతి పపావర్ సోమ్నిఫెరమ్, అంటే నల్లమందు మొక్క. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా దాన్ని పెంచడం నేరం. పదేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. లైసెన్సులు ఇచ్చేది కేంద్ర నార్కోటిక్స్ బ్యూరో, అదీ మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో నోటిఫై చేసిన ప్రాంతాలకే. "అందం కోసం పెంచుకున్నాం" అన్న మాట చట్టం ముందు నిలవదు. విదేశీ విత్తనాల కేటలాగుల్లో పియోనీ పాపీ, బ్రెడ్‌సీడ్ పాపీ, లెట్యూస్ లీఫ్ పాపీ అని కనిపించేవన్నీ ఈ జాతివే. అక్కడ పెరట్లో మామూలుగా వేసుకుంటారు కాబట్టి పంపేవాళ్ళకు అనుమానం రాదు.

మాలి అడిగిన ప్రశ్న ఇంకా సూటిగా ఉంది: "సారూ, గసాలు కిరాణ దుకాణంల దొరుకుతయి గద, గవే సల్లితే అయిపాయె. ప్యాకెట్లు కొనుడు ఎందుకు?" మసాలాలో వేసే గసగసాలు ఆ నిషిద్ధ మొక్క గింజలే. కొనడం, వండుకోవడం తప్పు కాదు. విత్తడమే తప్పు. కిరాణా గింజల్లో కొన్ని మొలకెత్తుతాయి కూడా. మదనపల్లె వైపు పొలాల్లో గసగసాలు వేసి కేసుల్లో ఇరుక్కున్న రైతుల వార్తలు వచ్చాయి. ఆ ఊళ్ళో చలి పాపీలకు బాగా సరిపోతుంది, చిక్కంతా అక్కడే. ఇదంతా విన్నాక మాలి మళ్ళీ కిరాణా మాట ఎత్తలేదు.

మిగతా రెండు ప్యాకెట్లనూ వాడలేదు. బయటి దేశం నుంచి విత్తనం రావాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు కింద దిగుమతి అనుమతి, అక్కడి ఫైటోశానిటరీ (తెగుళ్ళు, పురుగులు లేవనే) సర్టిఫికెట్ ఉండాలి. కవర్లో పెట్టి పంపిన ప్యాకెట్‌కు అవేవీ ఉండవు. షర్లీ, కాలిఫోర్నియా రెండూ మన దేశంలో పూల విత్తనాలు అమ్మేవాళ్ళ దగ్గర దొరుకుతాయి. జాతి పేరు అచ్చయిన ప్యాకెట్లు బిల్లుతో కొని, ఆ బిల్లును ఇంట్లోనే ఉంచమన్నాను. ఎవరైనా వచ్చి అడిగితే చూపడానికి ఒక కాగితం ఉండాలి కదా. ఆకు చూసినా తేడా తెలుస్తుంది. నల్లమందు మొక్క ఆకు బూడిద నీలం, మైనం పూసినట్టు నున్నగా ఉండి కాండాన్ని చుట్టుకుని ఉంటుంది, కాయ పెద్దది. షర్లీ కాండానికి ముట్టుకుంటే తగిలే నూగు ఉంటుంది, ఆకు చీలికలు చీలికలుగా ఉంటుంది, కాయ చిటికెన వేలి కొనంత. కాలిఫోర్నియా పాపీ ఆకు సన్నని తీగల కుచ్చులా ఉండి, కాయ పొడుగ్గా ఆవాల మొక్క కాయను పోలి ఉంటుంది. దాని ప్రజాతే వేరు.

ఓరియంటల్ పాపీ కావాలని సారుకు మనసు. అది బహువార్షికం. చలికి నిద్రపోయి లేవాల్సిన మొక్క. మైదానంలో బతికించడానికి ప్రయత్నించడం డబ్బు దండగ అని చెప్పేశాను. ఐస్‌లాండ్ పాపీ నర్సరీ నారు దొరికితే తూర్పు వరండా కుండీల్లో కొన్ని పెట్టాం. చిన్న పూలు కొన్ని పూసి ఫిబ్రవరిలో వెళ్ళిపోయాయి. మళ్ళీ పెట్టమని అడగలేదు, నేనూ చెప్పలేదు.

నేల

గేటు బయట రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోసిన మొరం గుట్ట ఉంది. దాని మీద బ్రహ్మదండి పసుపు పూలతో, ముళ్ళ ఆకులతో దిట్టంగా నిలబడి ఉంది. నీళ్ళు పోసేవాడు లేడు, ఎరువు వేసేవాడు లేడు. అది పాపీ కుటుంబానిదే. ఇంటివాళ్ళను ఆ గుట్ట దగ్గరకు తీసుకెళ్ళి, "మనకు కావలసిన నేల ఇలాంటిది" అన్నాను. పెరటి కోసం బండెడు వర్మీ కంపోస్టు తెప్పించి సిద్ధంగా ఉంచిన మేడమ్ ముఖం చిన్నబోయింది. ఆ కంపోస్టు తర్వాత మామిడి మొక్కలకు వెళ్ళింది.

ఇంటి రేగడిలో అడుగు లోతు గుంత తీసి నీళ్ళు నింపితే మర్నాటికి కూడా అడుగున తడి నిలిచే ఉంది. అందులో తల్లివేరు మొక్క బతకదు. రేగడిని తవ్వి మార్చే ఖర్చు పెట్టకుండా, దాని మీదనే రాళ్ళ అంచు కట్టించి ముక్కాలడుగు ఎత్తున మడి లేపాం. రెండు పాళ్ళు చెల్క మట్టి, ఒక పాలు గరుకు ఇసుక. క్రషర్ ఇసుక వాడితే ముందు జల్లెడ పట్టాలి. అందులోని సన్నపొడి నీళ్ళు తగలగానే సిమెంటులా బిగుసుకుపోతుంది. బాగా మాగిన పశువుల ఎరువు మడి మొత్తానికి రెండు గంపలు, అంతే. నిజానికి అదీ అక్కర్లేదు. మాలి మనసు కోసం ఒప్పుకున్నాను. కొత్త మడిలో అదే గుంత పరీక్ష చేస్తే అరగంటలో నీరు ఇంకిపోయింది. ఈ తోట ఖర్చులో పెద్ద వాటా మట్టికి, రాళ్ళకే అయింది. విత్తనానికైన ఖర్చు ఆ పక్కన లెక్కలోకే రాదు.

విత్తడం

పాపీ గింజ కంటికి మసి నలుసులా కనిపిస్తుంది. గ్రాములో వేలు ఉంటాయి. ఊరికే చల్లితే ఒకచోట చారెడు, ఒకచోట సున్నా. చెంచా విత్తనాన్ని డబ్బాడు పొడి ఇసుకలో కలపాలి. లేత రంగు ఇసుక అయితే ఇంకా మంచిది, ఎక్కడ చల్లామో ఎక్కడ మిగిలిందో నేల మీద కనిపిస్తుంది. మడిని దంతెతో పైపైన గీరి, అటు నుంచి ఇటు ఒకసారి, అడ్డంగా ఇంకోసారి చల్లించి, చెక్కపలకతో ఒత్తించాను. పైన మట్టి కప్పకూడదు. పాపీ మొలకకు వెలుతురు కావాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగులు దున్నేసిన బెల్జియం వైపు ఫ్లాండర్స్ నేలల్లో ఎర్రగా పాపీలు లేచింది ఇందుకే. ఏళ్ళ తరబడి మట్టి కింద నిద్రపోయిన గింజ నేల తిరగబడి వెలుగు తగలగానే లేచింది.

తడపడానికి పైపు పట్టొద్దని, స్ప్రేయర్‌తో మంచులాగా కొట్టమని చెప్పాను. కలుపుమందు కొట్టిన స్ప్రేయర్ మాత్రం కాకూడదు. చీమల కోసం మడి అవతల గోడ మూలన గుప్పెడు నూకలు పోయించాను. గింజల కన్నా నూకలు సులువుగా దొరికితే అవి అటే పోతాయి.

విత్తనం సగమే అక్టోబరు చివర చల్లించాను. మిగతాది నవంబరు మధ్యకు దాచాను. బంగాళాఖాతంలో నవంబరులో ఎప్పుడు ఏ వాయుగుండం లేస్తుందో ఎవరికి తెలుసు? అనుకున్నట్టే రెండు రోజులు ముసురు పట్టింది. మొదటి విత్తుకు అప్పుడే మొలకలు లేచి ఉన్నాయి. నీరు మడి పల్లం వైపు కొట్టుకుపోయి అక్కడ గింజలు, మొలకలు మేట వేశాయి. ఆ గుంపులో నారుకుళ్ళు మొదలైంది. మొలక అడుగున దారంలా సన్నబడి, నీరుకారి, తెల్లవారేసరికి పక్కకు ఒరిగిపోయేది. ఒరిగినవి ఏరించి, మిగిలినచోట ట్రైకోడెర్మా (కుళ్ళును అడ్డుకునే మేలు శిలీంధ్రం) కలిపిన నీళ్ళు పోయించాను. అయినా ఆ వైపు మూడో వంతు కూడా మిగల్లేదు. తోటను నిలబెట్టింది రెండో విత్తే. అప్పటికి ఆకాశం తేలిక పడింది, రాత్రులు చల్లబడ్డాయి. పది పన్నెండు రోజుల్లో మడంతా సన్నగా పచ్చబడింది.

ఇక్కడ మాలికి ఒక గుర్తు చూపించాలి, లేకపోతే కలుపుతో పాటు పాపీలూ పోతాయి. కాలిఫోర్నియా మొలక మొదటి ఆకు ఒక్కోటి కొసన రెండుగా చీలి ఉంటుంది, కవణానికి కొట్టిన పంగల కర్రలాగా. ఇంకే కలుపు మొక్కకూ ఆ రూపు కనపడదు. షర్లీ మొలక రెండు సన్నని దారపు ముక్కలు, అంతకు మించి గుర్తు లేదు. నాలుగో ఆకు వచ్చేదాకా ఆ వైపు కలుపు తీయొద్దన్నాను.

తర్వాత పలచబరచడం. జానెడుకు ఒక మొక్క చొప్పున ఉంచి మిగతావి తీసేయాలి. మేడమ్ కత్తెర పట్టుకుని కూర్చుంది గానీ చెయ్యి ఆడలేదు. "పచ్చగా ఉన్నదాన్ని ఎట్లా తీసేస్తాం?" అంది. మాలి మెల్లగా కొన్ని పీకి కుండీల్లో పెట్టి నీడలో ఉంచాడు. నేను కాదనలేదు, చూడనీ అనుకున్నాను. ఒక్కటీ దక్కలేదు. పాపీ వేరు ఒకటే తాడులా నిటారుగా దిగుతుంది. అది తెగితే మళ్ళీ వేయదు. కుండీలు వాడిపోయాక మేడమ్ కత్తెర చకచకా ఆడింది.

పస్తు పెట్టడం

డిసెంబరు నుంచి నా పని ఎక్కువగా "వద్దు" అనడమే. మొదటి మూడు వారాలు పైమట్టి ఆరకుండా చూడాలి. వేరు దిగాక వారానికి రెండు తడులు, మొగ్గ దశలో ఒకటి. పొద్దున పూట, మొక్క మొదలు దగ్గర, ఆకు తడవకుండా. పొగమంచు రోజుల్లో ఆకు తడిస్తే అడుగున బూజు తెగులు వస్తుంది. కొన్ని మొక్కల కింది ఆకులకు వచ్చింది కూడా. పసుపు మచ్చలు పడ్డ ఆకులు తుంపించి పారేయడంతో ఆగింది.

ఎరువు విషయంలో తోట తనంతట తానే ఒక పరీక్ష పెట్టింది. పడమటి కొసన ఉన్న మొక్కలు చిన్నగా ఉన్నాయని మాలి ప్రేమకొద్దీ గుప్పెడు యూరియా చల్లాడు. ఆ కొస మూడు వారాల్లో ఆకుకూర మడిలా అయింది. ఆకులు వెడల్పు, కాండం లావు, కానీ మెత్తన. మొగ్గ మాత్రం రాలేదు. గాలికి పడిపోయినవీ అవే. పేనుబంక మొదట పట్టిందీ వాటికే. మొగ్గ మెడ చుట్టూ నల్లగా, ఒకదాని మీద ఒకటి. మిగతా మడిలో మొక్కలు సన్నగా, బిరుసుగా, ఎవరి సాయం లేకుండా నిలబడ్డాయి. పేనుబంకను ముందు నీటి ధారతో కడిగించాను. రెండోసారి లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్ళతో కలిపి పొద్దుగూకాక కొట్టించాం. పగలు కొడితే తేనెటీగలకు తగులుతుంది.

పూత

జనవరి చివర షర్లీ మొగ్గలు తలలు వేలాడేశాయి. సారు ఫోన్ చేసి, నీళ్ళు చాలక వాడిపోతున్నాయేమో, పైపు పెట్టమంటారా అని అడిగారు. పాపీ మొగ్గ తీరే అంత. పూసే ముందు రోజు మెడ నిటారవుతుంది. తెల్లవారుజామున మొగ్గను కప్పిన రెండు రక్షక పత్రాలు విడి కింద పడతాయి. లోపల రేకులు నలిపి ముడిచిన పట్టుగుడ్డలా ముడతలు పడి ఉంటాయి. ఎండ పొద్దెక్కే కొద్దీ ఆ ముడతలు సాపు అవుతాయి. ఇది చూడాలంటే ఆరున్నరకే మడి దగ్గర ఉండాలి. తేనెటీగలు కూడా ఆ వేళకే దిగుతాయి. పాపీ పువ్వులో తేనె ఉండదు. అవి వచ్చేది పుప్పొడికి. షర్లీ మీద తిరిగిన ఈగ వెనక కాళ్ళ మీద ముద్ద ముదురు రంగులో కనిపిస్తుంది.

కాలిఫోర్నియా వైపు ఇంకో రకం ఫిర్యాదు. వాకింగ్‌కు వెళ్తూ ఆరింటికి చూస్తే ఒక్క పువ్వూ లేదని, తిరిగి వచ్చి స్నానం చేసి చూస్తే మడంతా నారింజ రంగని. అది ఎండ తగిలితేనే విచ్చుకుంటుంది. సాయంత్రానికి ముడుచుకుంటుంది, మబ్బు పడితే పగలూ ముడుచుకునే ఉంటుంది. 1903 నుంచి కాలిఫోర్నియా రాష్ట్ర పుష్పం అదే. కూతురికి వీడియో కాల్‌లో చూపించడానికి సాయంత్రమే కుదిరేది, ఆ వేళకు ముడుచుకున్న మొగ్గలే కనిపించేవి. ఒక ఆదివారం పొద్దున తొమ్మిదింటికి చూపించారు.

షర్లీ పువ్వు ఆయుష్షు తక్కువ. జనవరిలో రెండు రోజులు నిలిచింది, ఫిబ్రవరి రెండో సగంలో ఎండ 32 దాటాక సాయంత్రానికే రేకులు రాలాయి. రాలిన వెంటనే కాయ తుంపేస్తే మొక్క కొత్త మొగ్గలు వేస్తుంది. ఈ ఒక్క పని మేడమ్ రోజూ చేసింది, కాబట్టి పూత మార్చి మొదటి వారం దాకా సాగింది. వాజులో పెట్టాలంటే మొగ్గ రంగు కనిపించగానే కోసి, కాడ కోసిన చివరను క్షణం దీపం మంటకు చూపించాలి. పాలు కారడం ఆగుతుంది.

నేను ముందు ఊహించినదానికన్నా ఎక్కువ ప్రభావం చూపించింది ఇంటి గోడ. తెల్ల సున్నం వేసిన దక్షిణపు గోడ మధ్యాహ్నం వేడిని మడి మీదికి తిప్పికొడుతుంది. గోడకు రెండడుగుల లోపున్న షర్లీలు ఫిబ్రవరి మధ్యకే ఎండి కాయలయ్యాయి. అదే గీతలో కాలిఫోర్నియా పాపీలు మార్చి చివరి దాకా నవ్వుతూనే ఉన్నాయి. వచ్చే చలికాలానికి గోడ వారన కాలిఫోర్నియా, బయటి అంచున షర్లీ అని కాగితం మీద గీసి ఇచ్చాను. 

గింజ దాచడం

షర్లీ కాయ ఊపితే గలగలమనాలి. మూత కింద చుట్టూ చిన్న కిటికీలు తెరుచుకుంటాయి, గాలికి ఊగినప్పుడల్లా గింజలు అందులోంచి చిమ్ముతాయి. అవి తెరవకముందే కాడతో కోసి కాగితం సంచిలో తలకిందులుగా కట్టాలి. కాలిఫోర్నియా కాయ ఎండితే టప్పున పేలి గింజలు విసురుతుంది, కాబట్టి పసుపు తిరగగానే కోయాలి.

ఏ మొక్క గింజ దాచాలన్నది ఇంకో సంగతి. షర్లీ రకాన్ని తయారు చేసింది ఇంగ్లండ్‌లో షర్లీ అనే ఊరి చర్చి ఫాదర్ విలియం విల్క్స్. 1880లో తన తోట మూల అడవి పాపీల మధ్య రేకుల అంచు తెల్లగా ఉన్న ఒక్క పువ్వు చూసి, దాని గింజలే విత్తుకుంటూ, ఏటేటా నచ్చినవి ఉంచి మిగతావి పీకేస్తూ పోయాడు. ఆయన ఏరిన పువ్వుల అడుగున నల్ల మచ్చ ఉండదు, తెలుపే. వదిలేస్తే మూడు నాలుగేళ్ళలో మడి మళ్ళీ ఎర్ర రేకు, నల్ల మచ్చకు తిరిగిపోతుంది. మేడమ్‌కు గులాబీ, పీచు రంగులే ఇష్టం. పూసినప్పుడే నచ్చినవాటి కాడకు ఊలు దారం కట్టి, నల్ల మచ్చ ఉన్నవాటిని ఈగలు రాకముందే పొద్దున్నే పీకేయమన్నాను. సారుకు మాత్రం ఆ ఎర్రటివే ఇష్టం. ఇద్దరి పంచాయితీ నేను తీర్చలేదు. మడి రెండు కొసలూ చెరొకరికి రాసిచ్చాను, ఈగలు ఆ హద్దును పట్టించుకోవని చెప్పి మరీ. గింజలు నీడన ఆరబెట్టి, కాగితం పొట్లంలో కట్టి, గాజు సీసాలో మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టారు. మన వానాకాలపు తేమలో బయట ఉంచితే అక్టోబరుకు మొలక శాతం బాగా పడిపోతుంది.

ఇదే పని విజయవాడలోనో రాజమండ్రిలోనో చేయమంటే నేను ఒప్పుకోను. అక్కడ చలికాలపు రాత్రులు పాపీకి సరిపడా చల్లబడవు. నారింజ రంగే కావాలంటే పసుపు, నారింజ కాస్మోస్ వేసుకోవడం మేలు. మదనపల్లె, హార్స్‌లీ కొండ, అరకు, లంబసింగిలలో మాత్రం ఇక్కడికన్నా బాగా వస్తాయి. మదనపల్లె వైపు వేసేవాళ్ళు ప్యాకెట్, బిల్లు తప్పకుండా దగ్గర పెట్టుకోవాలి.

మార్చి చివర మడి ఖాళీ అయింది. నేలకు బలం వస్తుందని మాలి జనుము చల్లి కలియదున్నుతానన్నాడు. ఏ తోటకైనా మంచి సలహానే, ఈ మడికి కాదు. జనుము నత్రజని ఇస్తుంది, పడమటి కొస కథ మడంతా నడుస్తుంది. బదులు వానాకాలానికి ఎరువు లేకుండా జినియా, బంతి వేయించి, సెప్టెంబరు చివర వేళ్ళతో సహా పీకించి, అక్టోబరు దాకా మడిని ఎండకు వదిలేయమని రాసిచ్చాను.